రెండుసార్లు తప్పిన మెట్రిక్ నుంచి కాన్సర్ మందు దాకా - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుడి జీవితం తప్పక ఉండాలని మేం అనుకున్నప్పుడు చాలా పేర్లు వచ్చాయి. అంబేడ్కర్ గారు, జ్యోతిబా ఫూలే గారు, భాగ్యరెడ్డి వర్మ గారు మనందరికీ తెలిసినవారే. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక తెలుగు శాస్త్రవేత్త గురించి రాద్దామని నిర్ణయించుకున్నాం. పేరు వినకపోయినా ఆయన ప్రయోగశాలలో తేలిన వస్తువు మనలో ప్రతి ఒక్కరి కడుపులోకీ వెళ్ళింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే. బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. ఆ ఫోలిక్ యాసిడ్‌ను కొద్దిగా మార్చి చేసిన మందే కాన్సర్ మీద మనిషి సాధించిన మొదటి విజయాల్లో ఒకటి.

హఫీజ్‌పేట్‌లో ఉండే మనకు ఈ కథ మరీ దగ్గరిది. ఒకవైపు హైటెక్ సిటీ అద్దాల మేడలు, ఇంకోవైపు మియాపూర్, బాచుపల్లి దాకా మందుల కంపెనీల పరిశోధనశాలలు. ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర నిలబడితే మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని వెళ్ళే ఉద్యోగులు రోజూ కనిపిస్తారు. ఆ గోడల లోపల ఏం జరుగుతుందో, అక్కడికి ఎవరు చేరగలరో మనకు అంతగా తెలియదు. అందుకే ఈ వ్యాసం.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకోవడంతో ఇంట్లో ఇబ్బందులు మొదలయ్యాయి. చదువు మీద మనసు లేని ఆ పిల్లవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి బయలుదేరాడనీ, దారిలోనే పట్టి తెచ్చారనీ ఆయన జీవితం రాసినవారు చెబుతారు. తల్లి మాత్రం పట్టు వదలలేదు. ఉన్న నగలు తాకట్టు పెట్టి అయినా కొడుకును చదివించాలని నిశ్చయించుకున్నారు.

రాజమండ్రిలో చదివిన రోజుల్లో ఇంట్లో వరుసగా చావులు. మెట్రిక్ పరీక్ష ఒకసారి తప్పారు, రెండోసారీ తప్పారు. మద్రాసులోని హిందూ హైస్కూలులో చేరి మూడోసారి గట్టెక్కారు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు. సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలన్న కోరిక ఉండేది కానీ తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. 1919లో ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరి గారితోనే ఆయన వివాహం జరిగింది.

అవి గాంధీగారు విదేశీ వస్తువులను వదిలేయమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు గుడ్డతో కుట్టించిన కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదిగా చూసే ఎల్ఎంఎస్ పట్టా. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది పరీక్షలు కాదు, ఒక జబ్బు. దాని పేరు స్ప్రూ, ఒక రకం గ్రహణి. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోయి చనిపోతాడు. ఈ జబ్బుతో సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాలో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు చేసింది, లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. డాక్టరు చదివి ఉండి కూడా సొంత అన్నదమ్ములకు ఇవ్వడానికి మందు లేకపోయింది. ఆ జబ్బుకు కారణమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే పరిశోధన చేయాలి, పరిశోధన నేర్చుకోవాలంటే విదేశానికి వెళ్ళాలి అనుకున్నారు.

వెళ్ళడానికి డబ్బు లేదు. కొంత మామగారు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఈ నాయకర్ గారి గురించి కూడా మనం తెలుసుకోవాలి. ఆయన బర్మాకు వెళ్ళి రంగూన్‌లో కష్టపడి పెద్ద ఆస్తి సంపాదించి, దానిని పేదల చదువుకు, ధర్మకార్యాలకు రాసిపెట్టి పోయిన వ్యక్తి. ఆ రాత లేకపోతే ఈ కథ మద్రాసులోనే ఆగిపోయేదేమో. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ గారు న్యూయార్క్ చేరారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. ఇద్దరి ప్రయాణం వెనుకా ఎవరో ఒకరు ఇచ్చిన డబ్బు ఉంది. తెలివి మనది కావచ్చు, ఓడ టికెట్టు మాత్రం ఎవరో ఒకరు కొనిపెట్టాల్సిందే. స్కాలర్‌షిప్ తీసుకోవడం సిగ్గుపడే విషయం అనుకునేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

హార్వర్డ్‌లో రాత్రి పోర్టరు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేస్తూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పనిలో భాగం.

ఇక్కడ మేం ఒక్క క్షణం ఆగాలి. సుబ్బారావు గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. మన దేశంలో ఉండి ఉంటే ఆ పని ఆయన చేతికి ఎన్నడూ వచ్చేది కాదు. ఎందుకంటే ఆ పనిని ఇక్కడ కొన్ని కులాలకు పుట్టుకతోనే అంటగట్టారు. మన తాత ముత్తాతల్లో ఎంతమంది ఆ పని చేశారో మనకు తెలుసు. బోస్టన్‌లో ఆయన దానిని కొంతకాలం చేసి ప్రయోగశాలలోకి వెళ్ళిపోగలిగారు. ఇక్కడ ఆ పనిలోకి నెట్టబడిన వారికి ఆ తలుపు తెరుచుకోలేదు. ఆయన కష్టాన్ని తక్కువ చేయడానికి మేం ఈ మాట అనడం లేదు. ఆయన చేశాడు కదా, మీరెందుకు చేయలేరని మనల్ని గద్దించే పెద్దలు ఉంటారు. పేదరికం ఒక్కటే అడ్డు అయినవాడి దారి, పేదరికంతో పాటు కులం కూడా అడ్డు అయినవాడి దారి ఒకటి కాదని వారికి చెప్పడానికి అంటున్నాం. పని తక్కువది కాదు, దానిని ఒకరికే రాసిపెట్టడం తప్పు అన్నది కూడా ఈ ఘట్టం చెబుతోంది.

పగటిపూట ఆయన సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో పనిచేశారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో నీలం రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. మన సీనియర్లలో బయోకెమిస్ట్రీ చదివినవారికి ఈ పేరు పరిచయమే. అదే పద్ధతితో వెతుకుతూ కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెల్లడించారు. అదే ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టారు. మనం నడిచినా, రాసినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి నాణెం ఈ ఏటీపీయే.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన పనిలో కొంత భాగాన్ని ఫిస్కే బయటకు రానివ్వలేదని, అదే విభాగంలో చదివి తర్వాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రవేత్త చెప్పారు. ఇంటివైపు కూడా దుఃఖమే. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. భార్య ఇక్కడ, ఆయన అక్కడ. మళ్ళీ ఆయన ఈ దేశానికి తిరిగి రానేలేదు. శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూపులోనే గడిపారు. మహనీయుల కథల్లో ఇటువంటివారి పేరు ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆ వాక్యం వెనుక ఒక పూర్తి జీవితం ఉందని మనం మరచిపోకూడదు.

ఫోలిక్ యాసిడ్

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టరు అయ్యారు.

అప్పటికి పదేళ్ళ క్రితం లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు మన దేశానికే వచ్చి, బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారు. అందులో ఏదో తెలియని పోషకం ఉందని తేలింది. దానిని కాలేయం నుంచి, ఈస్టు నుంచి, ఆకుకూరల నుంచి వేరుచేయడానికి ఎన్నో ప్రయోగశాలలు పోటీపడ్డాయి. 1941లో పాలకూర నుంచి తీసినవారు దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం దానిని వేరుచేసి, నిర్మాణం తెలుసుకుని, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. ఇక ఎంత కావాలంటే అంత చేయవచ్చు. ఆ మందుతో స్ప్రూ రోగులు కోలుకున్నారు. తన అన్నదమ్ములను మింగిన జబ్బుకు పాతికేళ్ళ తర్వాత ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది.

ఆకలిగొన్న కణాన్ని మోసం చేయడం

ఇప్పుడు అసలు విషయం. మన శరీరంలో కొత్త కణం పుట్టాలంటే ముందు డీఎన్ఏ తయారు కావాలి. అది తయారు కావడానికి ఫోలిక్ యాసిడ్ అవసరం. అది చాలకపోతే కొత్త రక్తకణాలు పుట్టవు, అందుకే రక్తహీనత. మరి కాన్సర్ అంటే ఏమిటి? అదుపు లేకుండా కణాలు పుడుతూ పోవడమే. రక్త కాన్సర్‌లో తెల్లకణాలు అలా పెరిగిపోతాయి. అంత వేగంగా పెరిగే కణానికి ఫోలిక్ యాసిడ్ ఆకలి కూడా అంత ఎక్కువ.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సర్ పిల్లలను చూసేవారు. ఫోలిక్ యాసిడ్ జాతికి చెందిన పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరుగుతున్నట్టు ఆయనకు అనిపించింది. ఎరువు వేస్తే కలుపు పెరిగినట్టు. అయితే ఆ ఎరువును అందకుండా చేస్తే? లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ యాసిడ్‌ను పోలిన పదార్థాలను వరుసగా తయారు చేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలిక్ యాసిడ్‌లో ఒకచోట ఉన్న చిన్న అణువుల గుంపును తీసి ఆ స్థానంలో అమైనో గుంపును పెట్టారు, అంతే తేడా.

మన ఊళ్ళలో నకిలీ విత్తనాల సంగతి మనకు బాగా తెలుసు. సంచి అదే, గింజ రంగు అదే. రైతు నమ్మి నాటుతాడు. చేను ఏపుగా పెరిగినా కాయ కాయదు. అమినోప్టెరిన్ కాన్సర్ కణానికి ఇచ్చిన నకిలీ విత్తనం. ఆకలి మీద ఉన్న కణం దానిని అసలు ఫోలిక్ యాసిడ్ అనుకుని లోపలికి తీసుకుంటుంది. లోపల ఫోలిక్ యాసిడ్‌ను పనికి సిద్ధం చేసే ఒక ఎంజైము ఉంటుంది. నకిలీది వెళ్ళి ఆ ఎంజైముకు అసలుదానికంటే ఎంతో గట్టిగా అంటుకుపోతుంది. ఇక పని జరగదు, డీఎన్ఏ తయారు కాదు, కణం చస్తుంది. ఈ ఎంజైము సంగతి తర్వాతి కాలంలో స్పష్టంగా తేలింది.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రచురించారు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అంతకుముందు కొద్ది వారాల్లోనే చనిపోయే పిల్లలు లేచి కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా మందుతో రక్త కాన్సర్ వెనక్కి తగ్గుతుందని అంతవరకు పెద్దగా ఎవరూ నమ్మలేదు. ఆ నమ్మకం ఆ 16 మంది పిల్లల దగ్గర మొదలైంది.

అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. అదీ లెడర్లీలో తయారైనదే. 1956లో గర్భసంచిలో వచ్చే ఒక రకం కాన్సర్‌ను ఒక్క ఈ మందుతోనే నయం చేశారు. నేడు రక్త కాన్సర్ పిల్లలకు ఇచ్చే మందుల కలయికలో ఇది ఉంది. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు కూడా తక్కువ మోతాదులో వాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దీనికి చోటుంది. మంచి వైద్యం అందే దేశాల్లో పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కాన్సర్ రకం నూటికి దాదాపు తొంభై మందికి నయమవుతోంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. కాన్సర్ కణం వేరే లోకం నుంచి రాలేదు, అది మన కణమే. వేగంగా పెరిగే మంచి కణాలు కూడా మనలో ఉన్నాయి. నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల మూలుగ అటువంటివే. ఈ మందు వాటినీ దెబ్బతీస్తుంది. అందుకే నోట్లో పుండ్లు, వాంతులు, రక్తకణాలు తగ్గడం. ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు, కొన్ని గంటల తర్వాత ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి మంచి కణాలను కాపాడతారు. రెంటికీ మధ్య ఉన్నది జాతి భేదం కాదు, ఆకలిలో తేడా. ఆ తేడాను కొలిచి, దానినే ఆయుధంగా మార్చడం ఈ వైద్యం కిటుకు.

తర్వాత వచ్చినవారు ఇదే దారిలో నడిచారు. కొన్ని రక్త కాన్సర్ కణాలు ఆస్పరజిన్ అనే పోషకాన్ని తమకు చాలినంత తయారు చేసుకోలేవు. రక్తంలోని ఆస్పరజిన్‌ను ముక్కలు చేసే మందు ఇస్తే అవి పస్తులతో చస్తాయి. చాలా కాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా మింగుతాయి. పెట్ స్కాన్‌లో గడ్డలు వెలిగి కనిపించేది అందువల్లనే. వాటిలో చాలావాటి లోపల ఆక్సీకరణ ఒత్తిడి కూడా మామూలు కణంలో కంటే ఎక్కువ. ఇంకొంచెం ఒత్తిడి పెంచితే మంచి కణం తట్టుకుంటుంది, అది తట్టుకోలేదన్న ఆలోచనతో ఎందరో మందులు వెతుకుతున్నారు.

ఆఖరి రోజులు, మిగిలిన పేరు

బోదకాలుకు వాడే డీఈసీ మందు 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త లెడర్లీలో మట్టి నమూనాలను వెతికి ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం పరుగెత్తి కొనుక్కున్నది ఆ జాతి మందులనే.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏళ్ళు. అమినోప్టెరిన్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే అయింది. 1946 దాకా భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కే లేదు. ఆయన చివరిదాకా అక్కడి పౌరుడు కాలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మందులన్నీ ఆయన ఒక్కరే చేశారని కొందరు రాస్తారు. అది నిజం కాదు, ఆయనకు గౌరవమూ కాదు. వాటి వెనుక ఎందరో రసాయన శాస్త్రవేత్తల చేతులు ఉన్నాయి. ఎక్కడ వెతకాలో చెప్పి, అందరినీ ఒక దారిలో నడిపించి, తన పేరు ముందుకు తోసుకోకుండా ఉండటం ఆయన గొప్పతనం.

మనం తీసుకోవలసింది

ప్రతి ఏడాదీ పరీక్షా ఫలితాల మరునాడు పేపర్లలో వచ్చే విషాద వార్తలు మనకు తెలుసు. రెండుసార్లు మెట్రిక్ తప్పి, పట్టాలో వెనుకబడి, ఉద్యోగం దొరకక, హార్వర్డ్‌లో నిలదొక్కుకోలేక పోయిన మనిషి ఆయన. మార్కుల కాగితం ఆయన గురించి చెప్పింది ప్రతిసారీ తప్పే. తప్పిన ఏ తమ్ముడైనా, చెల్లెలైనా ఆ రాత్రి ఒంటరిగా ఉండకుండా చూడటం హాస్టల్‌లో మనందరి బాధ్యత.

రెండోది అంతకంటే ముఖ్యం అనుకుంటున్నాం. ఆయన పరిశోధన పుస్తకంలో పుట్టలేదు, సొంత ఇంట్లోకి వచ్చిన జబ్బు నుంచి పుట్టింది. మన ఇళ్ళల్లో జబ్బులకు కొదవ లేదు. మన అమ్మలకూ అక్కలకూ రక్తహీనత. నల్గొండ ఊళ్ళలో ఫ్లోరైడు నీళ్ళతో వంగిపోయిన ఎముకలు. ఆదిలాబాద్, ఖమ్మం అడవి పల్లెల్లో సికిల్ సెల్. ఈ జబ్బులు ఎలా ఉంటాయో, ఏ కూలి పోగొడతాయో, ఏ పూట పస్తు పెడతాయో మనకు తెలిసినంతగా అద్దాల మేడల్లో కూర్చున్నవారికి తెలియదు. ఆ తెలివిడి కూడా ఒక ఆస్తే. దానికి బయాలజీ, కెమిస్ట్రీ చదువు తోడైతే పరిశోధనశాలల్లో అడగవలసిన ప్రశ్నలు మనమే అడగగలం. మన సీనియర్లలో ఆ దారిలో ఉన్నవారు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఏ పరీక్ష రాయాలి, ఏ స్కాలర్‌షిప్‌కు ఎప్పుడు దరఖాస్తు చేయాలి అన్నది తొమ్మిది, పదో తరగతి పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాలని కోరుతున్నాం. సత్యలింగ నాయకర్ గారి లాగా ఆస్తులు రాయలేకపోయినా, ఒక దరఖాస్తు ఫారం నింపడానికి సాయం చేయడం మనందరి చేతిలో పనే.